ఇంటి వర్క్‌షాపుకు రీకండిషన్ కంప్రెసర్: స్విచ్ వేయించే ముందు ట్యాంకు కింద చూడండి

రీకండిషన్ కంప్రెసర్, అంటే వాడినదాన్ని బాగుచేసి అమ్మే గాలి మిషను, కొనడానికి వెళ్లినవాళ్లు చాలామంది ముందు స్విచ్ వేయమంటారు. మోటారు తిరుగుతుంది, గేజ్‌లో ముల్లు లేస్తుంది, బేరం మొదలవుతుంది. మొదటిసారి నేనూ అదే చేశాను. కొత్త నీలం రంగుతో నిగనిగలాడుతున్న మిషను, చప్పుడు కూడా మెత్తగా ఉంది. ఇంటికి తెచ్చిన మూడో వారం ట్యాంకు అడుగున తడి కనిపించింది. రంగు గీకితే పుట్టీ, పుట్టీ కింద అరచేతి వెడల్పు అతుకు, అతుకు అంచున సూదిమొనంత రంధ్రం. అమ్మిన మనిషి తనకేమీ తెలియదన్నాడు. ఆ ట్యాంకు ఇంకెవరింటికీ చేరకూడదని గ్యాస్ కట్టర్‌తో రెండు ముక్కలు చేయించి తుక్కులో వేశాను.

పిస్టన్ రింగులు అరిగితే కొత్తవి వేయించుకోవచ్చు. మోటారు కాలితే వైండింగ్ కట్టించుకోవచ్చు. బెల్టు, వాల్వు ప్లేట్లు, ప్రెషర్ స్విచ్ ఏ మిషనరీ షాపులోనైనా దొరుకుతాయి. లోపలి నుంచి తుప్పు తిని పలచబడ్డ ట్యాంకుకు మాత్రం మందు లేదు. 160 లీటర్ల ట్యాంకులో 8 బార్ల గాలి నిండినప్పుడు అందులో ఉండే శక్తి సుమారు 1,60,000 జౌళ్లు. టన్ను బరువున్న కారు గంటకు 65 కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దితే ఎంతో అంత. ఫ్యాక్టరీల్లో ఇలాంటి ట్యాంకులను కాలం ప్రకారం పరీక్ష చేయించాలని నిబంధనలున్నాయి. మన ఇంటి షెడ్డుకు ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. ఆ పని మనమే చేసుకోవాలి.

1. ముందు మీ పని ఏమిటో తేల్చుకోండి

షాపులో హార్స్‌పవర్ లెక్క చెబుతారు. మీకు కావలసింది గాలి లెక్క. నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి వస్తుందన్నదే సీఎఫ్ఎం. ఒక సీఎఫ్ఎం అంటే నిమిషానికి 28.3 లీటర్లు.

బండి టైర్లకు గాలి కొట్టడం, దుమ్ము ఊదడం, చెక్కపనిలో చిన్న మేకుల గన్ను వాడడం మీ పని అయితే 1 హెచ్‌పీ, 24 నుంచి 50 లీటర్ల ట్యాంకు సరిపోతుంది. నట్లు విప్పి బిగించే అర అంగుళం ఇంపాక్ట్ రెంచ్‌కు సగటున 4, 5 సీఎఫ్ఎం కావాలి. అది ఆగి ఆగి వాడే పనిముట్టు కాబట్టి ట్యాంకు పెద్దదైతే 2 హెచ్‌పీతో నడిచిపోతుంది. స్ప్రే పెయింటింగ్ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. తలుపులూ కుర్చీలూ వేసే మామూలు గన్ను 5 నుంచి 7 సీఎఫ్ఎం తాగుతుంది, తక్కువ ప్రెషర్‌తో ఎక్కువ గాలి వదిలే హెచ్‌వీఎల్‌పీ గన్ను 8 నుంచి 14 దాకా. గాలితో తిరిగే శాండర్ (రుద్ది నునుపు చేసే పనిముట్టు) కూడా అంతే, పైగా అది నిమిషాల తరబడి ఆగకుండా తాగుతుంది. మీది ఈ కోవ పని అయితే 3 హెచ్‌పీ బెల్టు మిషనుకు తక్కువ చూడకండి. శాండర్ కోసమే కంప్రెసర్ కొనాలనుకునేవాళ్లకు నా సలహా మాత్రం ఒకటే: కరెంటు శాండర్ కొనుక్కోండి.

పిస్టన్ కంప్రెసర్ ఒక హెచ్‌పీకి 7 బార్ల దగ్గర 3 నుంచి మూడున్నర సీఎఫ్ఎం నిజంగా ఇస్తే బాగున్నట్టే. ప్లేటు మీద అంతకంటే పెద్ద అంకె ఉంటుంది. అది పిస్టన్ ఊడ్చే ఘనపరిమాణం, డిస్‌ప్లేస్‌మెంట్ అంటారు. బయటికి వచ్చే గాలి అందులో మూడింట రెండొంతుల నుంచి నాలుగింట మూడొంతుల దాకా ఉంటుంది. రాసిన అంకె ఏదో అడిగి తెలుసుకోండి.

ప్రెషర్ గురించి ఒక మాట. మార్కెట్లో "ఎనిమిది కేజీలు పడుతుంది" అంటారు. చదరపు సెంటీమీటరుకు కిలోలు అని దాని అర్థం. మన పనికి కేజీ, బార్ ఒకటే అనుకోవచ్చు. పీఎస్ఐలో (చదరపు అంగుళానికి పౌండ్లు) 14కు కాస్త పైన. ఇంటి పనికి 8 కేజీలు ధారాళం. చిన్న సిలిండరు, పెద్ద సిలిండరు పక్కపక్కనే ఉండే టూ స్టేజ్ మిషన్లు అంతకు మించిన ప్రెషర్ కోసం చేసినవి. చవగ్గా వస్తోందని దాని వెంట పడొద్దు.

2. మీ ఇంటి కరెంటు ఏమంటుందో చూడండి

సింగిల్ ఫేజ్ మీద 2 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు 10 ఆంపియర్ల దాకా, 3 హెచ్‌పీ 15 దాకా లాగుతుంది. స్టార్టయ్యే క్షణంలో అంతకు ఐదారు రెట్లు. సాయంత్రం వీధిలో ఏసీలన్నీ ఆన్ అయ్యి వోల్టేజీ 200 దగ్గరికి పడిపోతే కెపాసిటర్ మోటారు మూలిగి ఆగిపోతుంది. అలా పదేపదే జరిగితే వైండింగ్ కాలుతుంది. సింగిల్ ఫేజ్ ఇంట్లో 2 హెచ్‌పీ హాయిగా నడుస్తుంది, 3 హెచ్‌పీ అంచున నడుస్తుంది. త్రీ ఫేజ్ ఉన్న ఇంట్లో 3 హెచ్‌పీ ఫేజుకు 5 ఆంపియర్ల లోపే తీసుకుంటుంది, మోటారు కూడా గట్టిది. రీకండిషన్ మార్కెట్లో త్రీ ఫేజ్ మిషన్లే ఎక్కువ, ధర కూడా తక్కువ. ఇంట్లో త్రీ ఫేజ్ లేకుండా చవక చూసి కొంటే మోటారు మార్చే ఖర్చుతో లెక్క తలకిందులవుతుంది.

3. ఎక్కడ వెతకాలి, ఎవరు అమ్ముతున్నారు

సికింద్రాబాద్ రాణిగంజ్ పంపులకూ మిషనరీకీ పేరున్న చోటు. బాలానగర్, జీడిమెట్ల వైపు మూతపడ్డ యూనిట్ల మిషన్లు బయటికొస్తుంటాయి. కోస్తాలో విజయవాడ, విశాఖ ఆటోనగర్లున్నాయి. ఎక్కడికి వెళ్లినా ముందు అడగాల్సింది "ఇంతకు ముందు ఇది ఎక్కడ పనిచేసిందన్నా?" అని.

పంక్చర్ షాపు మిషను పొద్దున్నుంచి రాత్రి దాకా ఆడి ఉంటుంది. రోడ్డు దుమ్ము మింగి ఉంటుంది కాబట్టి రింగులు అరిగే ఉంటాయి. పెయింటింగ్ షెడ్డులోంచి వచ్చినదైతే గాలి పీల్చే ఫిల్టరు, వాల్వు ప్లేట్లు రంగు పొడితో పూడిపోయి ఉంటాయి. ఇంటీరియర్ పని చేసే వడ్రంగుల దగ్గరి చిన్న మిషన్లు సైట్ల మధ్య ఆటోల్లో తిరిగి దెబ్బలు తిని ఉంటాయి. డెంటల్ క్లినిక్ మార్చేసిన ఆయిల్ లేని చిన్న మిషను దొరికితే బొమ్మలకు రంగులేసేవాళ్లకు వరమే, చప్పుడు తక్కువ, నూనె తుంపర ఉండదు. ఫ్రిజ్ కంప్రెసర్‌కు పాత గ్యాస్ సిలిండరో ఫైర్ సిలిండరో అతికించి తయారుచేసినవి మాత్రం ఎంత చవకైనా ముట్టుకోకండి. ఆ ట్యాంకులు ఈ పని కోసం చేసినవి కావు.

కంపెనీ విషయానికొస్తే కోయంబత్తూరు ఎల్జీ (ELGi), ఇంగర్సాల్ రాండ్ లాంటి పాత పేర్లకు మన దగ్గర స్పేర్లు దొరకడం తేలిక. ఊరూపేరూ లేని హెడ్‌కు (గాలిని కుదించే పై భాగం) వాల్వు ప్లేటు కావాలంటే లేత్ మీద చేయించుకోవాల్సి వస్తుంది.

"రీకండిషన్" అన్న మాటకు ఒక్కో షాపులో ఒక్కో అర్థం. కొందరికి రంగు వేయడం, కొందరికి రింగులూ గ్యాస్కెట్లూ మార్చడం. హెడ్ మొత్తం విప్పి బేరింగులతో సహా మార్చేవాళ్లు తక్కువ. "తీసిన పాత రింగులు చూపించండి" అని అడగండి. నిజంగా పని చేసినవాళ్ల బల్ల కింద అవి ఇంకా ఉంటాయి.

4. ట్యాంకు: గంట పట్టినా ఇక్కడే పట్టాలి

వెళ్లేటప్పుడు నాలుగు వస్తువులు తీసుకెళ్లండి: టార్చి, చిన్న అయస్కాంతం, ఫోనుకు తగిలించే ఎండోస్కోప్ కెమెరా, మీ సొంత ప్రెషర్ గేజ్. గాలి పూర్తిగా తీసేసి, మిషను ఆపి ఉన్నప్పుడే ఈ పరీక్షలన్నీ.

మొదట ప్లేటు వెతకండి. ట్యాంకు మీద వెల్డింగ్‌తో గానీ రివెట్లతో గానీ బిగించిన చిన్న ప్లేటు మీద వర్కింగ్ ప్రెషర్, హైడ్రో టెస్ట్ ప్రెషర్ (నీళ్లతో పరీక్షించినది), లీటర్లు, సీరియల్ నంబరు, తయారైన సంవత్సరం ఉండాలి. రంగు కప్పేస్తే గీకి చదవండి. ప్లేటు పీకేసి ఉంటే, అంకెలు గ్రైండర్‌తో అరగదీసి ఉంటే అక్కడితో ఆపేయండి. పదిహేనేళ్లు దాటిన ట్యాంకును మందం కొలిపించకుండా నేను కొనను.

తరువాత కింద పడుకుని అడుగు చూడండి. గాలిలోని తేమ ట్యాంకులో నీరై అడుగునే నిలుస్తుంది, తుప్పు అక్కడి నుంచే తింటుంది. ఆ నీరు ఎంతంటారా? 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఘనపు మీటరు గాలిలో 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. నిమిషానికి 200 లీటర్ల మిషను అరగంట ఆడితే 6 ఘనపు మీటర్లు పీలుస్తుంది. ఆ 144 గ్రాముల్లో వంద గ్రాములకు పైగా ట్యాంకులో నీరుగా మిగిలిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో వాడిన ట్యాంకును ఇంకా అనుమానంగా చూడాలి.

అడుగంతా అయస్కాంతం నెమ్మదిగా జరపండి. పుట్టీ ఉన్నచోట పట్టు వదులుతుంది. నా మొదటి మిషనుకు ఈ రెండు నిమిషాల పని చేసి ఉంటే సరిపోయేది. కాళ్లు, చక్రాల బ్రాకెట్లు అతికిన చోట్ల చుట్టూ వెంట్రుకలాంటి పగుళ్లు వస్తాయి, టార్చి పక్కనుంచి వేసి చూడండి. ఫ్యాక్టరీ వెల్డింగ్ ఒకే తీరుగా, అలలు అలలుగా సాగుతుంది. తరువాత వేసిన అతుకు ముద్దగా కనిపిస్తుంది. ట్యాంకు గోడ మీద ఎక్కడ అతుకు కనిపించినా, "అది చిన్నదే సార్, గట్టిగా వేశాం" అని ఎంత చెప్పినా, నమస్కారం పెట్టి బయటికి రండి.

డ్రెయిన్ కాక్ విప్పించండి. గోధుమరంగు నీళ్లు రావడం మామూలే. తుప్పు పెళ్లలు పొరలు పొరలుగా రాలితే మంచిది కాదు. ఆ రంధ్రంలోంచి, లేదా పక్కనున్న ప్లగ్ విప్పించి, కెమెరా లోపలికి పెట్టండి. పైపైన ఎర్రటి పొర ఉంటే ఫరవాలేదు. గుంటలు గుంటలుగా తిన్న చోట్లు ఉంటే ఆ గుంట అడుగున రేకు ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు.

చూసినవన్నీ బాగున్నాయనుకోండి, బేరం కుదిరాక ఒక షరతు పెట్టండి: హైడ్రో టెస్ట్ చేయించి ఇస్తేనే మిగతా డబ్బు. ట్యాంకును గాలి లేకుండా నీళ్లతో నింపి, చేతి పంపుతో వర్కింగ్ ప్రెషర్‌కు 1.3 నుంచి 1.5 రెట్ల దాకా ఎక్కించి, అరగంట ఉంచుతారు. ముల్లు కదలకూడదు, ఎక్కడా తడి రాకూడదు. నీరు గాలిలా కుదించుకుపోదు కాబట్టి పరీక్షలో ట్యాంకు చిట్లినా పేలదు, నీరు కారి ఆగిపోతుంది. ఇదే పరీక్షను గాలితో చేస్తామంటే ఒప్పుకోకండి, దగ్గర నిలబడకండి. పారిశ్రామికవాడల్లో అల్ట్రాసోనిక్ మీటరుతో రేకు మందం కొలిచేవాళ్లూ ఉంటారు. అడుగున పది చోట్ల కొలిపించి, పక్క గోడ మందంతో పోల్చండి.

5. ఇప్పుడు స్విచ్ వేయించండి, చేతిలో గడియారం పెట్టుకుని

మీరు వెళ్లేసరికి మిషను వేడిగా ఉంటే, ట్యాంకులో అప్పటికే గాలి నిండి ఉంటే, "అన్నా, ఇది చల్లారాక వస్తా" అని టీ తాగి రండి. చల్లటి మిషను స్టార్టయ్యే తీరే దాని అసలు ఆరోగ్యం.

సొంత గేజ్ తగిలించండి. పాత మిషన్ల గేజ్‌లు అబద్ధం చెబుతాయి. ముల్లు 5 దాటే క్షణం నుంచి 7 చేరే క్షణం దాకా సెకన్లు లెక్కపెట్టండి. లెక్క ఇలా: ట్యాంకు లీటర్లను 2తో (7కూ 5కూ తేడా) హెచ్చించి, నిమిషాలతో భాగించాలి. 220 లీటర్ల ట్యాంకు 100 సెకన్లలో 5 నుంచి 7కు వస్తే 440 లీటర్లు, నిమిషానికి 264, అంటే 9 సీఎఫ్ఎం పైచిలుకు. 3 హెచ్‌పీ మిషనుకు అది చక్కటి అంకె. అదే పనికి 160 సెకన్లు తీసుకుంటే 6 కూడా రాలేదన్నమాట. రింగులో వాల్వులో పోయాయి, ఆ ఖర్చు ధరలోంచి తగ్గాలి. షాపువాళ్లు కాదనలేని పరీక్ష ఇది.

ట్యాంకు నిండి కటాఫ్ ప్రెషర్ చేరగానే మోటారు దానంతటదే ఆగాలి. ఆగిన వెంటనే ప్రెషర్ స్విచ్ దగ్గర "తుస్స్" మని రెండు మూడు సెకన్లు గాలి పోయి ఆగితే మంచిదే, హెడ్ మీది బరువు దించడానికి చేసిన ఏర్పాటు అది. ఆగకుండా కారుతూనే ఉంటే గాలిని వెనక్కి రానివ్వని వాల్వు, ట్యాంకు నోటి దగ్గరి నాన్ రిటర్న్ వాల్వు, పోయింది. చవక వస్తువే గానీ మార్పించే తీసుకెళ్లండి. లేకపోతే మోటారు ప్రతిసారీ బరువు మీద లేవాల్సి వస్తుంది.

సేఫ్టీ వాల్వు రింగు లాగి చూడండి. ఫటక్కున గాలి వదిలి, వదలగానే మూసుకోవాలి. దాని చోట ప్లగ్ బిగించిన మిషన్లు నేను కళ్లారా చూశాను. సేఫ్టీ వాల్వు ఎంత బాగున్నా కొత్తది వేయించుకోండి, దాని మీద రాసిన ప్రెషర్ ట్యాంకు ప్లేటు మీది అంకెను మించకూడదు.

నిండిన ట్యాంకును అరగంట వదిలేయండి. గాలి చల్లారేకొద్దీ ముల్లు కొంచెం దిగుతుంది. అర కేజీ దాటి దిగితే సబ్బు నురుగుతో జాయింట్లన్నీ వెతకండి. జాయింటు లీకయితే టేపుతో పోతుంది.

6. హెడ్ చెప్పే కబుర్లు

అవుట్‌లెట్ ముందు తెల్ల కాగితం పట్టి నిమిషం గాలి వదలండి. కాగితం మీద నూనె చుక్కలు పడితే రింగులు అరిగాయి. పెయింటింగ్ చేసేవాళ్లకు ఈ చుక్క ఒక్కటి చాలు, తలుపు మీద చేపకళ్లలా గుంటలు పడతాయి. నూనె గాజు కన్నులో చూడండి. పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయి, వేళ్ల మధ్య రాస్తే మెరుపు కనిపిస్తే లోహం అరుగుతోంది. తిరిగేటప్పుడు "టకటక" మని లోతు నుంచి వస్తే కనెక్టింగ్ రాడ్ బేరింగ్. ఆ మిషను నాకొద్దు. పైన "చిటచిట" మంటే వాల్వు ప్లేట్లు, అది చిన్న పని.

ఫ్లైవీలు మీద బాణం గుర్తు ఉంటుంది, తిరిగే దిక్కు దానితో కలవాలి. ఫ్లైవీలే ఫ్యానులా హెడ్ మీదికి గాలి కొడుతుంది. తిరగబడితే హెడ్ ఉడికిపోతుంది. త్రీ ఫేజ్‌లో రెండు వైర్లు అటూఇటూ మార్చినా దిక్కు మారిపోతుంది, ఇంట్లో కనెక్షన్ ఇచ్చిన రోజు మళ్లీ చూసుకోండి. మోటారు దగ్గర కాలిన వార్నిష్ వాసన వస్తోందా, వైండింగ్ రాగిదా అల్యూమినియందా అడగండి. తిరిగి కట్టించడం తప్పేమీ కాదు, ఎవరు కట్టారో బిల్లు చూపిస్తే ఇంకా మంచిది. బెల్టుకు జాలీ గార్డు లేకుండా ఇంటికి తేవద్దు, పిల్లలున్న ఇంటికి అసలే తేవద్దు.

7. ధర, బిల్లు, బండి

అదే మోడల్ కొత్తదానికి కొటేషన్ తీసుకుని వెళ్లండి. నా లెక్కలో రీకండిషన్ మిషను అందులో సగం దాటకూడదు. ఆ సగంలోనే సేఫ్టీ వాల్వు, ఫిల్టరు, నూనె మార్పు, హైడ్రో టెస్ట్ కలిసి ఉండాలి. మార్చిన పార్టుల పేర్లు, ట్యాంకు సీరియల్ నంబరు బిల్లు మీద రాయించండి. నోటి మాటగా ఇచ్చిన మూడు నెలల గ్యారంటీని కాగితం మీద రాయమని అడగగానే కొందరు దాన్ని నెలకు తగ్గిస్తారు. ఆ నెలే నిజమైన గ్యారంటీ అనుకోండి.

ట్రాలీ ఆటోలో ఎక్కించే ముందు గాలీ నూనే తీసేయాలి. మిషనును నిలబెట్టే తేవాలి, తాళ్లు ట్యాంకుకు కట్టాలి గానీ హెడ్‌కూ పైపులకూ కాదు. హెడ్ పట్టుకుని ఎత్తితే రాగి పైపు జాయింటు వదులవుతుంది.

8. ఇంట్లో మొదటి రోజు

గోడకు జానెడు ఎడం వదిలి, రబ్బరు ప్యాడ్ల మీద పెట్టండి. నూనె కొత్తది పోయండి. ప్లేటు మీద చెప్పిన గ్రేడే వాడాలి, చాలా పిస్టన్ మిషన్లకు వీజీ 100 కంప్రెసర్ ఆయిల్. బండి ఇంజనాయిల్ మిగిలిందని పోయకండి, అందులోని డిటర్జెంట్ నీటిని కలిపేసుకుని నురగ కడుతుంది. 50 గంటలు ఆడాక మళ్లీ మార్చండి, రీకండిషన్ చేసిన హెడ్ ఆ మొదటి గంటల్లోనే ఎక్కువ పొడి రాలుస్తుంది.

గాలి లైనుకు ప్లంబింగ్ పీవీసీ పైపు వేయొద్దు. నీళ్లకు బాగానే ఉంటుంది గానీ గాలి ప్రెషర్‌కు పగిలితే పెంకులుగా ఎగురుతుంది. జీఐ పైపు గానీ, ప్రెషర్ రాసి ఉన్న రబ్బరు హోస్ గానీ వాడండి. గాలి గన్ను మనిషి మీద పెట్టొద్దని ఇంట్లో అందరికీ మొదటి రోజే చెప్పండి. సరదాకు ఒంట్లోకి గాలి కొట్టి పేగులు చిట్లి మనుషులు చనిపోయిన ఘటనలు మన దేశంలో ఒకటి రెండు కాదు.

పని ముగిసిన ప్రతి సాయంత్రం గాలి కొంచెం ఉండగానే కింద డ్రెయిన్ కాక్ తిప్పండి. నీళ్లు పోయి ఉత్త గాలి వచ్చేదాకా ఉంచి మూసేయండి. నేను కాక్‌కు మూరెడు పైపు తగిలించి పాత పెయింటు డబ్బాలోకి వదిలాను. వర్షాకాలంలో ఆ డబ్బా నాలుగైదు రోజులకే నిండుతుంది. ఎండాకాలంలో అడుగు మాత్రమే తడుస్తుంది. హైడ్రో టెస్ట్ చేయించిన తేదీ ట్యాంకు పక్కన తెల్ల పెయింటుతో రాసి ఉంచాను, దాని కింద రెండేళ్ల తరువాతి తేదీ కూడా.